చెల్లకుండా పోయిన గెలుపులు

కారంపూడి వీరుల ఉత్సవం కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పల్నాటి వీరచరిత్రలోని ఘట్టాలను రోజుకొకటిగా తలుచుకునే ఆ అయిదింటిలో నాలుగోది ఒక పందెం. 12వ శతాబ్దంలో గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు కోళ్ళను బరిలోకి దించారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలి. మాచర్ల ఓడింది, అక్కడి రాజు మలిదేవుడు తనవాళ్ళతో వెళ్ళిపోయాడు. నాగమ్మ గెలుపులో మోసం ఉందని వీరగాథ పాడేవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

మోసం జరిగిందో లేదో తేల్చే చోటు అప్పుడు లేదు. బరి చుట్టూ పెద్దలు ఉన్నారు గానీ, పందెం అయిపోయాక ఫిర్యాదు విని ఫలితాన్ని మార్చే అధికారం ఎవరికీ లేదు. గడువు తీరాక మాచర్ల తరఫున రాయబారిగా వెళ్ళిన అలరాజు విషానికి బలయ్యాడు. తగవు చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున కత్తులతో తేలింది. ముగిసిన ఆటలో గెలుపును రద్దు చేసే పద్ధతి అసలు లేకపోతే సంగతి ఎంతదాకా పోతుందో పల్నాడుకు తెలిసినంతగా మరెవరికీ తెలియకపోవచ్చు. ఆ పద్ధతి ఉన్నచోట కథ వేరు.

దాన్ని అందరికంటే విరివిగా వాడినవి అమెరికా కాలేజీలు. అక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. 19వ శతాబ్దం చివరికే అది కాలేజీల పరువు వ్యవహారమైంది. గెలవడం కోసం చదువుతో సంబంధం లేని వస్తాదులకు డబ్బిచ్చి తెచ్చి, విద్యార్థుల పేరు మీద ఆడించేవాళ్ళు. మైదానాల్లో చావులు కూడా పెరగడంతో 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్ళను పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది పలు కాలేజీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 1910 నుంచి దాని పేరు ఎన్‌సీఏఏ. ఎవరు ఆడొచ్చు, ఎవరు ఆడకూడదు, ఆటగాడు ఎవరి దగ్గర ఏం తీసుకోకూడదు అన్న నిబంధనల పుస్తకం ఏటికేడు లావెక్కింది.

డబ్బుకు ఆడకూడదన్న ఆ నీతికి తొలి పెద్ద బలి కాలేజీ ఫుట్‌బాల్‌లోనే పేరు తెచ్చుకున్న జిమ్ థోర్ప్. అమెరికా ఆదివాసీ తెగకు చెందిన ఈ కార్లైల్ పాఠశాల ఆటగాడు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. అంతకుముందు వేసవి సెలవుల్లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913 జనవరిలో పత్రికల్లో వచ్చింది. పతకాలు లాగేసుకున్నారు. ఫిర్యాదు ఏదైనా క్రీడలు ముగిసిన 30 రోజుల్లోగా రావాలని ఆ ఒలింపిక్స్ నియమాల్లోనే ఉంది. గడువు దాటి నెలలు గడిచాయన్న సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు. దాని ఆధారంగానే 1982లో పతకాలు తిరిగి ఇవ్వాలని నిర్ణయించారు, అదీ ఉమ్మడి విజేతగా. ఏకైక విజేతగా ఒప్పుకున్నది 2022లో. థోర్ప్ 1953లోనే చనిపోయాడు.

ఒక జట్టు సీజన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయిన కథ మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయానిది. 1976లో ఆ జట్టు 11 ఆటలు ఆడి 9 గెలిచింది. ఇప్పుడు రికార్డు తీసి చూస్తే ఒక్క గెలుపూ లేదు, 11కు 11 ఓటములే. జట్టులో ఒక ఆటగాడు బట్టల కొట్లో 12 డాలర్ల తగ్గింపు ధర పొందాడన్నది ఆరోపణ. ఆ తగ్గింపు మామూలు విద్యార్థులకూ ఇస్తారని విశ్వవిద్యాలయం వాదించింది. ఎన్‌సీఏఏ ఒప్పుకోక అతన్ని అనర్హుడంది. ఆటగాడు కింది కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుని ఆడుతూనే ఉన్నాడు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడటం ఆస్తిహక్కు లాంటిది కాదంటూ 1977లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అప్పటికి మూడు సీజన్లు గడిచాయి. 18 గెలుపులు, ఒక డ్రా ఓటములుగా మారాయి. తీర్పు మొదటి ఏడాదే వచ్చి ఉంటే అతనొక్కడే బయట కూర్చునేవాడు. కోర్టులో కేసు సాగినకొద్దీ మైదానంలో జట్టు గెలిచిన ప్రతి ఆటా అప్పు ఖాతాలో పడుతూ వచ్చింది.

ఈ శిక్షలో రెండు రకాలున్నాయి. మొదటిది గెలుపును ప్రత్యర్థికి రాసిచ్చేయడం, మిసిసిపీకి జరిగింది అదే. రెండోది గెలిచినవాడి ఖాతాలోంచి మాత్రమే తీసేయడం. ఇందులో ఓడినవాడు ఓడినట్టే ఉంటాడు, గెలిచినవాడు మాత్రం ఎవరూ ఉండరు. తర్వాతి కాలంలో ఎన్‌సీఏఏ ఎక్కువగా ఈ దారే పట్టింది. పెన్ స్టేట్ సహాయ కోచ్ పిల్లలపై చేసిన అఘాయిత్యాలు బయటపడ్డాక, 2012లో ఆ జట్టు 1998 నుంచి 2011 వరకు సాధించిన 112 గెలుపులను ఇలాగే తీసేశారు. ముఖ్య కోచ్ జో పాటర్నో గెలుపులు 409 నుంచి 298కి పడిపోయాయి. 2015లో న్యాయపోరాటం రాజీకి వచ్చి అన్నీ తిరిగి ఇచ్చేశారు. నేరం ఆట బయటిది, శిక్ష స్కోరు పట్టికకు. బాధిత పిల్లలకు గెలుపుల తీసివేత వల్ల ఒరిగిందీ లేదు, తిరిగి ఇవ్వడం వల్ల తరిగిందీ లేదు.

మనవాళ్ళకూ ఇలాంటి తీర్పులు కొత్తేమీ కాదు. 1994లో ఇస్తాంబుల్ ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో మన కరణం మల్లీశ్వరి ముందు రెండో స్థానంలో నిలిచింది. చైనా లిఫ్టర్ డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో స్వర్ణం ఆమెదైంది. వేదిక మీద జాతీయగీతం వినిపించాల్సిన క్షణం మాత్రం అప్పటికే దాటిపోయింది. మరుసటి ఏడాది ఆమె మళ్ళీ ప్రపంచ విజేత అయింది, ఈసారి ఎవరి నివేదిక కోసమూ ఎదురుచూడకుండా.

2024-25 ఐ-లీగ్ ఫుట్‌బాల్‌ది ఇంకా చిక్కు. నామ్‌ధారి జట్టు 2025 జనవరిలో ఇంటర్ కాశీని 2-0తో ఓడించింది, కానీ పసుపు కార్డుల లెక్కన సస్పెన్షన్‌లో ఉండాల్సిన ఆటగాణ్ణి దించింది. దేశ ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ కమిటీ ఒకలా, అప్పీలు కమిటీ ఇంకోలా చెప్పాయి. ఆ మ్యాచ్ పాయింట్లు కాశీకి దక్కకపోవడంతో ఏప్రిల్‌లో చర్చిల్ బ్రదర్స్ విజేతగా ట్రోఫీ అందుకుంది. కాశీ స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్ళింది. జులై 18న అసలు విజేత కాశీయేనని తేలింది.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ తలనొప్పి లేకుండా నడిచే పోటీ ఒకటుంది. సంక్రాంతి మొదలు ఉగాది దాకా, ఒకపక్క మిర్చి కోతలు సాగుతుండగానే ఊళ్ళలో ఒంగోలు జాతి గిత్తల బండలాగుడు పోటీలు పెడతారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఇలా విభాగాలు. గిత్తకు సుమారు రెండు నుంచి మూడేళ్ళ మధ్య పాలపళ్ళు రాలి మొదటి జత గట్టిపళ్ళు వస్తాయి, తర్వాత ఒక్కో జతా వరసగా. అందుకే వయసు తెలియడానికి పుట్టినతేదీ పత్రం అక్కర్లేదు, నోరు తెరిచి చూస్తే చాలు. ఆ చూడటం బండకు కట్టకముందే, పదిమంది ముందు జరుగుతుంది. ఆ తర్వాత గిత్తల జత ఎన్ని అడుగులు లాగితే అంత.

మనుషుల ఆటకు ఈ సదుపాయం పూర్తిగా దొరకదు. బీసీసీఐ కుర్రాళ్ళ క్రికెట్‌లో మణికట్టు ఎముకకు ఎక్స్‌రే తీసి వయసు అంచనా కడుతోంది. కానీ తీసుకున్న డబ్బు, బట్టల కొట్టు బిల్లు, మూత్రంలో మందు, లెక్క తప్పిన పసుపు కార్డు, ఇవేవీ పళ్ళలా పైకి కనపడవు. అందుకని ఆట అయ్యాక గెలుపు రద్దు చేసే పద్ధతి ఉండక తప్పదు. స్టాక్‌హోమ్‌లో రాసుకున్న 30 రోజుల నియమం మాత్రం తెలివైనదే, తప్పు దాన్ని పాటించకపోవడంలో ఉంది. ఆడినవాళ్ళు ఇంకా అదే జట్టులో, అదే ఊళ్ళో ఉండగా వచ్చిన తీర్పు ఓడినవాడికి కప్పు ఇవ్వగలదు, తప్పు చేసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టగలదు. ఏళ్ళ తర్వాత వచ్చేది రికార్డు పుస్తకంలో అంకెలు మారుస్తుంది, అంతే.