ఉక్కునగరంలో బాలాపరాధం : హేతువిచారం

జంషెడ్‌పూర్ చరిత్రను ఉక్కు చరిత్రగా చెప్పటం పరిపాటి. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడటం, సింగ్‌భూమ్ అడవుల నడుమ సాక్చి అనే పల్లెలో కొలుములు లేవటం, 1912లో తొలి ఉక్కు పోతపోయటం, 1919లో ఆ ఊరికి జంషెడ్జీ పేరు పెట్టటం చాలమంది ఎరిగినవే. ఆ ఊరిలో పెరిగిన పిల్లల చరిత్రను కూడా పరిశీలించవలసి ఉన్నది. బాలుడు నేరానికి దిగటానికి హేతువు అతని నెత్తురులో ఉన్నదా, అతడు తిరిగే వీధిలో ఉన్నదా అనే ప్రశ్నకు అది కొంత సమాధానం ఇవ్వగలదు.

1911లో ఆరు వేలకు లోపుగా ఉన్న జనసంఖ్య 1921 నాటికి 57 వేలు దాటింది. సంతాలులు, హో జనులు, బిహారీలు, బెంగాలీలు, ఒరియాలు, పంజాబీలు, మన గంజాం విశాఖ సీమల తెలుగువారు ఒక్కచోట చేరినారు. పల్లెలో తప్పుచేసిన పిల్లవానిని ఏ పెద్దయినా మందలించేవాడు. కొత్త ఊరిలో ఎవరి బిడ్డ ఎవరో తెలియదు. తండ్రి రాత్రి పాళీకి పోయి పగలు నిద్రించేవాడు. 1928లో నెలల తరబడి సాగిన సమ్మెవంటి కాలంలో ఇంటికి జీతమే లేదు.

విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు ఉండవలెనని జంషెడ్జీ 1902లోనే తన కుమారునికి వ్రాసినాడు. ఆ కోరిక కొంత నెరవేరింది. అయితే జనం ప్రణాళికను మించి పెరిగినారు; క్వార్టర్ల పక్కనే బస్తీలు వెలిసినవి. బడి, ఆటస్థలం ఒకవైపు. ఇరుకు గది, సారాకొట్టు, పిల్లలచేత దొంగతనం చేయించే పెద్దలు మరొకవైపు.

నాటి శాసనకర్తల దృష్టి వేరు. 1871 నాటి నేరజాతుల చట్టం కొన్ని కులాలలో పుట్టుకనే నేరంగా ఎంచింది. మన స్టూవర్టుపురం ఆ భావానికి సాక్షి. 1897 నాటి సంస్కరణ పాఠశాలల చట్టం పదిహేనేండ్లలోపు బాలురను మూడు మొదలు ఏడేండ్ల వరకు ఇంటికి దూరంగా ఉంచింది. వారు తిరిగి చేరవలసిన వీధిని మాత్రం పట్టించుకొనలేదు.

1942లో షా, మెకే అనే పండితులు మరొక పారిశ్రామిక నగరమైన షికాగోను గూర్చిన తమ పరిశోధనను ప్రకటించినారు. కొన్ని పేటలలో కాపురస్థులు తరతరానికీ మారినా, బాలాపరాధం మాత్రం అక్కడే నిలిచి ఉన్నది. ఆ పేటలు వదలిపోయిన జాతులవారిలో అది తగ్గింది. నెత్తురు వాదానికి ఇంతకంటె గట్టి సమాధానం అరుదు.

నేరజాతుల చట్టం 1952లో రద్దయినది. 1986లో దాదాపు దేశమంతటికీ బాలన్యాయ చట్టం వచ్చింది. 2015 నాటి చట్టం మాత్రం పదహారేండ్లు నిండినవారిని ఘోరనేరాలలో పెద్దలవలె విచారించటానికి వీలు కల్పించింది. పాత ప్రశ్న మళ్ళీ మన ముందుకు వచ్చింది.

పేదరికం, బడి మానటం, ఇంటి కలహం, దుస్సాంగత్యం నేరానికి దారితీయవచ్చును. అవి విధివ్రాతలు కావు. అటువంటి బస్తీలలో పెరిగినవారిలో అధికసంఖ్యాకులు నీతిగానే బ్రతుకుతున్నారు. బడి విడువని పిల్లవాడు, అతనిని పేరుపెట్టి పిలిచే ఒక పెద్ద, సాయంకాలం ఆడుకొనటానికి ఒక మైదానం — ఇవి ఉన్నచోట ఆ హేతువుల బలం తగ్గుతుంది. ఇనుమును ఉక్కుగా మార్చిన నగరానికి ఇది అసాధ్యమైన పని కాదు.