కుక్కర్ వద్దు, మూతా వద్దు

మే నెల సాయంత్రం. యాప్రాల్‌లో ఓ అపార్ట్‌మెంట్ వంటిల్లు. కిటికీ తెరిస్తే గాలికి బదులు సెగ వస్తోంది. మంచి బఠాణీ కాయలు కావాలంటే మళ్లీ చలికాలం దాకా ఆగాలి. కోడలు డీప్ ఫ్రిజ్ నుంచి ప్యాకెట్ తీసి ఊపుతుంది. గలగలలాడాయి, మంచిదే. ముద్దకట్టి ఉంటే దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు.

"నానబెట్టాలా అత్తమ్మా?"

"ఎండు బఠాణీలా ఏంది నానబెట్టనీకి? ఇవి సగం ఉడికే వచ్చినయి."

ఆమె మాట అక్షరాలా నిజం. ఫ్యాక్టరీలో గింజల్ని కాసేపు మరిగే నీళ్లలోనో ఆవిరిలోనో ఉంచి తీస్తారు. రంగునూ రుచినీ పాడుచేసే ఎంజైములు అక్కడితో ఆగిపోతాయి. తర్వాత గబగబా గడ్డకట్టిస్తారు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు పలుకులు ఏర్పడి గింజను లోపలే చీల్చేస్తాయి. లాబ్రడార్ చలిలో పట్టిన చేప పట్టినట్టే గడ్డకట్టడం చూసిన క్లారెన్స్ బర్డ్‌సైకి తట్టిన కిటుకు ఇదే. 1930లో అమెరికాలో ఆయన సరుకు అంగడికెక్కింది. కోసిన గంట నుంచే బఠాణీలో తీపి పిండిగా మారుతుంది కాబట్టి, బుట్టలో రెండ్రోజులు వాడిన కాయ కన్నా ఈ ప్యాకెట్టే నయమని నా అభిప్రాయం.

మూకుడులో నూనె కాగింది. జీలకర్ర చిటపట, పచ్చిమిర్చి, ఉల్లిపాయ. ఉల్లి మెత్తబడ్డాకే మంట పెంచి, గడ్డకట్టిన గింజల్ని నేరుగా వేయాలి. సుయ్‌మని ఆవిరి లేస్తుంది. కొంచెం కొంచెంగా వేయకపోతే మూకుడు చల్లబడి, కూర నీళ్లలో ఉడికినట్టవుతుంది. కోడలి చెయ్యి అలవాటుగా మూత వైపు పోతుంది.

"మూత పెట్టకు. పచ్చదనం పోతది."

మూడు నాలుగు నిమిషాలు. ఒక గింజ నోట్లో వేసుకుంటే తొక్క టప్పున పగలాలి, లోపల వెన్నలా ఉండాలి. ఇక ఉప్పు, గుప్పెడు పచ్చికొబ్బరి, పొయ్యి బంద్. నిమ్మకాయ మాత్రం కంచంలోనే. పులుపు తగిలి ఉడికితే పత్రహరితంలోని మెగ్నీషియం జారిపోయి గింజ ఆలివ్ రంగుకు తిరుగుతుంది. టమాటా కూరలో బఠాణీ చివర్లో వేయమనేదీ అందుకే.

"రేపు పులావ్ చేస్తా. బియ్యంతోనే వేసెయ్యనా?"

"అన్నం ఉడికినంక వేసి దమ్ మీద పెట్టు. ముందుగాల ఆ ప్యాకెట్‌కు రబ్బరు బ్యాండు వేసి లోపల పెట్టు, కరుగుతుంది!"