కందెన మార్చవలెనా? బండి యిరుసు నుండి హైబ్రిడ్ కారు వరకు

హైదరాబాదు నగరమున పంజగుట్ట కూడలి నుండి అమీర్‌పేటకు పోవు దారి రెండు కిలోమీటర్లకు మించదు. ఉదయము తొమ్మిదిగంటల వేళ ఆ కొద్ది దూరములో ఒక కారు ఎన్నిసార్లు ఆగి ఎన్నిసార్లు కదలునో లెక్కించిన విద్యార్థికి భౌతికశాస్త్రమున మంచి పాఠమే లభించును. పైన వంతెన మీద 2018 నుండి ఈ రెండు స్టేషనుల నడుమ నడచుచున్న మెట్రో రైలు ఆగునప్పుడు తన వేగమును వృథాగా పోనీయక విద్యుత్తుగ మార్చును. క్రింద రోడ్డు మీద హైబ్రిడ్ కారులును అదే పని చేసి, ఆ విద్యుత్తును తమ బ్యాటరీలో దాచుకొనును. పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండును కలిసి నడుపు బండి కనుక దానికా పేరు. రైతులకు హైబ్రిడ్ విత్తనము తెలిసినట్లే, నగరవాసులకు ఇప్పుడు హైబ్రిడ్ కారు తెలిసినది.

ఇట్టి పాత కారు నొకదానిని కొని కిరాయికి నడుపుచున్న నా పూర్వ విద్యార్థి యొకడు ఇటీవల ఇంటికి వచ్చి, "సార్, గేర్‌బాక్సు ఆయిలు బండి ఉన్నంతకాలం మార్చక్కర్లేదని కంపెనీ పుస్తకంలో ఉంది. మెకానిక్కేమో మార్చి తీరాలంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?" అని అడిగినాడు. బండి మీది అప్పు ఇంకను మూడేండ్లు కట్టవలసి యున్నదట. ఆ కారులో బ్యాటరీ తరువాత మిక్కిలి ఖరీదైనది గేర్‌బాక్సే. అది చెడినచో బండియు ఉండదు, అప్పును తీరదు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. తరువాత ఆలోచింపగా, ఈ ప్రశ్న ఆ కారు కంటె చాల పాతదని తోచినది.

అమీర్‌పేట మీదుగా పోవు ఈ దారి బొంబాయి రోడ్డు. తరువాత 9వ నంబరు జాతీయ రహదారి అయినది, నేడు దాని సంఖ్య 65. ఎడ్లబండ్ల కాలమున ఇరుసునకు కందెన వేసెడివారు. కందెన యనగా ఆముదములో కాల్చిన గడ్డి మసి కలిపిన ముద్ద. ఆముదము మనకు పరాయి వస్తువు కాదు. పాలమూరు, నల్లగొండ జిల్లాల మెట్టనేలలలో అది చిరకాలముగ పండుచున్నది. ఈ నూనెలోని ఆమ్లములలో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా రిసినోలిక్ ఆమ్లమే. దాని పొడవైన కర్బన గొలుసు మీద ఒక హైడ్రాక్సిల్ సమూహము ఉండుటచే అణువులు ఒకదానినొకటి పట్టుకొనును, లోహమును గూడ పట్టుకొనును. అందుచేతనే ఆముదము అంత చిక్కన. మొదటి ప్రపంచయుద్ధ కాలమున సిలిండర్లతో సహా గిరగిర తిరిగెడి విమానపు ఇంజనులకు ఈ ఆముదమునే పోసిరి.

బండివాడు కందెన ఎప్పుడు వేయును? పంచాంగము చూచి కాదు. ఇరుసు కిర్రుమన్నప్పుడు వేయును; వాగు దాటి వచ్చినచో కిర్రుమనకున్నను వేయును. బండి చేసిన పనిని బట్టియే అతని లెక్క. అయితే ఇందులో ఒక లోపము కలదు. ఇరుసు కిర్రుమనుసరికే అరుగుదల మొదలైయుండును. ఇరుసైనచో మార్చుకొనవచ్చును. నేటి గేర్‌బాక్సు అట్లు కాదు. అది చప్పుడు చేయునప్పటికి చమురు మార్చి ప్రయోజనము ఉండదు.

1932లో నిజాం ప్రభుత్వ రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ నారంభించిరి. నేటి ఆర్టీసీకి అదియే మూలము. పెద్ద రవాణా సంస్థలలో ఒక్కొక్క బస్సు మూలుగును వినుచు కూర్చొనుట సాధ్యము కాదు గదా! కనుక ఎక్కడనైనను చమురు మార్పునకు మైళ్ళ లెక్కయే ప్రమాణమైనది. మనకు నేటికిని అలవాటైన లెక్క ఇదియే. దానిలో ఎంత నిజమున్నదో ముందు చూతము.

ఈలోగా గేర్‌బాక్సే మారిపోయినది. డ్రైవరు చేతితో గేరు మార్చనక్కరలేని బండి 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్‌తో పెద్ద యెత్తున అమ్మకమునకు వచ్చినది. ఇందులో చమురు కేవలము కందెన కాదు. ఒత్తిడితో గేర్లను మార్చునదియు అదే, వేడిని మోసికొనిపోవునదియు అదే. అన్నిటికంటె చిత్రమైన పని మరియొకటి కలదు. లోపలి క్లచ్ పలకలు ఒకదానినొకటి పట్టుకొనునప్పుడు మొదట కొంచెము జారవలెను, తరువాత జారక పట్టవలెను. చమురు ఎక్కువ జారుడైనచో పలకలు పట్టవు. తక్కువైనచో బండి కుదుపునిచ్చును. జారుట, పట్టుట రెండును నేర్పవలసిన ద్రవమన్నమాట. జనరల్ మోటార్స్ వారు 1949లో దీనికి 'టైప్ ఏ' అను ప్రమాణము నేర్పరచిరి. 1967లో 'డెక్స్‌రాన్' వచ్చినది.

ఆ జారుడుతనమును సరిదిద్దుటకు అందులో కలిపినది స్పెర్మ్ తిమింగిలపు నూనె! సముద్రపు లోతులలో ఈదు ఆ జంతువు తలలోని నూనె, వేడికి చెడక, లోహమునకు పలుచని పొరగా అంటియుండును. లక్షలాది కారులు సాఫీగా గేరు మారుటకు ఎన్ని తిమింగిలములు బలియైనవో ఆ కారులు నడిపినవారిలో ఎందరికి తెలియును? 1970లో అమెరికా ప్రభుత్వము ఈ తిమింగిలమును అంతరించు ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చగా, దాని నూనె దిగుమతి నిలిచిపోయినది. రసాయన శాస్త్రజ్ఞులు బదులు వెదుకవలసి వచ్చినది. ఎడారి మొక్కయైన హొహోబా గింజల నూనెను కొందరు పరీక్షించిరి. కృత్రిమ పదార్థములు తయారైనవి. చమురు నాణ్యము క్రమముగ పెరిగి, 1990ల నాటికి కొందరు తయారీదారులు "ఈ చమురు బండి జీవితకాలము వచ్చును" అనసాగిరి. జీవితకాలమనగా ఎవరి జీవితకాలమో పుస్తకములో ఉండదు. గేర్‌బాక్సులు చేయు జర్మనీ దేశపు జెడ్ఎఫ్ సంస్థ మాత్రము తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల చమురును 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేక ఎనిమిదేండ్లకు మార్చుట మంచిదనుచున్నది.

ఇక హైబ్రిడ్ సంగతి. ఇంజనును, విద్యుత్తును జతపరచిన బండిని 1901 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షె చేసినాడు. నేటి పద్ధతికి దగ్గరగా, పళ్ళచక్రములతో శక్తిని రెండుగా పంచు ఏర్పాటుకు అమెరికాలోని టీఆర్‌డబ్ల్యూ ఇంజనీర్లు 1971లో పేటెంటు పొందిరి. 1997 డిసెంబరులో జపానులో టొయోటా ప్రియస్ అమ్మకమునకు వచ్చిన తరువాతనే అది జనసామాన్యమునకు చేరినది. మన దేశమునకు 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ దిగుమతియై వచ్చినవి. 2013లో క్యామ్రీ హైబ్రిడ్‌ను బెంగుళూరు దగ్గర బిడదిలో కూర్చసాగిరి. 2022లో హైరైడర్, గ్రాండ్ విటారా వచ్చిన పిమ్మట ఇవి మధ్యతరగతి ఇండ్ల ముందు కనిపించుచున్నవి.

ప్రియస్ గేర్‌బాక్సులో గేర్లు మారుటయే లేదు. నడుమ ఒక సూర్యచక్రము, దాని చుట్టు తిరుగు గ్రహచక్రములు, అన్నిటిని చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయచక్రము. సౌరమండలమును చూచి పెట్టిన పేర్లివి. గ్రహచక్రములను మోయు చట్రమునకు ఇంజను, సూర్యునకు ఒక విద్యుత్ యంత్రము, వలయమునకు మరియొక మోటారును బండి చక్రములును కలుపబడినవి. మొదటి తరముల ప్రియస్‌లో సూర్యునకు 30 పళ్ళు, వలయమునకు 78. కనుక ఇంజను త్రిప్పుడుబలములో 108 పాళ్ళకు 78 పాళ్ళు, అనగా నూటికి సుమారు 72, వలయమునకును, మిగిలినది సూర్యునకును పోవును. ఇంజను ఆగి బండి మోటారుతో కదలునప్పుడు చట్రము నిలిచియుండును. అప్పుడు వలయము ఒక చుట్టు తిరుగులోగా సూర్యుడు వ్యతిరేక దిశలో 78/30, అనగా 2.6 చుట్లు తిరుగును. తొమ్మిదవ తరగతి పిల్లలు కాగితపు చక్రములతో దీనిని చేసి చూడవచ్చును. పంజగుట్ట దగ్గర ఇంజను మూగవోయి బండి మెల్లగ జరుగునప్పుడు కూడ లోపల ఇంత సందడి జరుగుచున్నదని ప్రయాణికునకు తెలియదు.

జారి పట్టవలసిన క్లచ్ పలకలు ఇందులో లేవు. అవి అరిగి రాల్చెడి పొడియు లేదు. చమురు మార్చనక్కరలేదను వాదమునకు బలము ఇదియే, అది బలమైన వాదమే. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2011లో రెండు లక్షల మైళ్ళు దాటిన 2002 నాటి ప్రియస్‌ను పరీక్షించి, దాని పెట్రోలు ఖర్చు కొత్త బండికి దాదాపు సమానమని కనుగొన్నది. హైబ్రిడ్ గేర్‌బాక్సు మొండిది, దానిని కాదనలేము. హైబ్రిడ్లన్నియు ఒకటి కావని మాత్రము గుర్తుంచుకొనవలెను. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్‌లో ఈ సూర్యగ్రహముల ఏర్పాటు లేదు. వేగముగ పోవునప్పుడు ఇంజనును నేరుగ చక్రములకు కలుపు క్లచ్ ఒకటి కలదు.

కాని పలకలు పోయిన చోటికి మోటార్లు వచ్చినవి. వాటి రాగితీగ చుట్లు ఈ చమురు తుంపరలలోనే తడియుచుండును. కనుక ఈ ద్రవము పళ్ళను కాపాడవలెను, తీగల వేడిని లాగవలెను, రాగిని గాని తీగ మీది పూతను గాని తినకూడదు, తనగుండా విద్యుత్తును పోనీయకూడదు. టొయోటావారు వాడు డబ్ల్యూఎస్ రకపు చమురు స్నిగ్ధత 100 డిగ్రీల వద్ద సుమారు 5.5 సెంటీస్టోకులు, అంతకు ముందరి రకమునకు 7 ప్రాంతము. పలుచని చమురు పెట్రోలును ఆదాచేయును గాని, పళ్ళ నడుమ అది నిలుపు పొరయు పలుచనిదే. అందులో లోహపు రజను చేరినచో దాగుటకు చోటు తక్కువ. ఆ రజనులో హెచ్చుభాగము బండి కొత్తలో, పళ్ళు ఒకదానికొకటి అలవాటుపడు రోజులలో రాలునదే.

వేడి రెండవ శత్రువు. చమురు గాలిలోని ఆమ్లజనితో కలిసి మెల్లగ పులియును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో ఈ చర్య ఇంచుమించు రెండింతలగునని రసాయన శాస్త్రమున ఒక మోటు లెక్క కలదు. అమీర్‌పేట ప్రక్కనే యున్న బేగంపేట వాతావరణ కేంద్రమున 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైనది. అట్టి యెండలో ఆగుచు కదలుచుండు బండికి గాలి తగులదు. ఆగిన బండిని కదలించుటకు మోటారు హెచ్చు విద్యుత్తును త్రాగును. తీగలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గమును బట్టి యుండునని జూల్ నియమము.

ఇక్కడనే మైళ్ళ లెక్కలోని మోసము బయటపడును. విజయవాడ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోవు బండికి 80,000 కిలోమీటర్లు పూర్తియగుటకు 1,333 గంటలు పట్టును. పంజగుట్టలో గంటకు 15 చొప్పున ప్రాకు బండికి అదే దూరమునకు 5,333 గంటలు పట్టును. మీటరు రెండింటికిని ఒకే అంకె చూపును. చమురు మాత్రము రెండవ బండిలో నాలుగింతల కాలము పనిచేసినది. ఆ గంటలన్నియు ఒకే వేడిలో గడచునని కాదు. అయినను తేడా చిన్నది కాదు. వాగు దాటి వచ్చినప్పుడు కందెన వేసిన బండివాని లెక్క, ఈ విషయమున, మీటరు లెక్క కంటె మెరుగు.

కనుక నా పూర్వ విద్యార్థికి నేను చెప్పినది ఇది. నగరములో కిరాయికి తిరుగు బండికి 60,000 నుండి 80,000 కిలోమీటర్లకొకసారి మార్చుము. ఇంటి బండియైనచో 50,000 ప్రాంతమున ఒకసారి మార్చి కొత్తలో రాలిన రజనును తీసివేసి, తరువాత లక్షకొకసారి మార్చిన చాలును. ఇది నా అభిప్రాయమే గాని శాసనము కాదు. అయితే పట్టునది నాలుగు లీటర్లకు లోపే. మామూలు ఆటోమేటిక్ బండిలో వలె సగము చమురు లోపలనే చిక్కుకొనిపోదు, బిరడా విప్పిన దాదాపు అంతయు దిగును. ఇంత చవుకగ కుదురు పనిని, ఖరీదైన యంత్రమును పణముపెట్టి మానుటలో అర్థము నాకు కనబడదు.

రెండు మాటలు గట్టిగా చెప్పితిని. పుస్తకములో ఏ రకము వ్రాసియున్నదో ఆ రకమే పోయించుము. కొన్నేండ్ల క్రితము నా మిత్రుని బండికి ఒక దుకాణమున "అన్ని ఆటోమేటిక్‌లకు ఇదే" అని వేరే రకము పోసిరి; దానిని మరల దింపి, సరియైనది రెండుసార్లు పోయించవలసి వచ్చినది. రాగికి పడని మందులున్న కొత్త చమురు కంటె పాత చమురే మేలు. రెండవది, దింపు బిరడా విప్పుటకు ముందు పోయు బిరడా ఊడునో లేదో చూచుకొమ్మంటిని. క్రిందిది ముందు విప్పి, పైది తుప్పుపట్టి రానిచో, బండి కదలలేక అక్కడనే నిలిచిపోవును.

అతడు చమురు మార్పించి, దింపిన దానిని ఒక సీసాలో, కొత్తదానిని మరొక సీసాలో నాకు తెచ్చి యిచ్చినాడు. కొత్తది ఎఱ్ఱన, పాతది గోధుమ నలుపు. రంగు చూచి చమురు చెడినదనుట శాస్త్రము కాదని పిల్లలకు చెప్పి, రెండింటను సైకిలు బేరింగు గుండ్లు వేయించితిని. గుండు రెండు సీసాలలోను ఒక్క క్షణములో అడుగు చేరినది. చేతిగడియారముతో తేడా పట్టుకొనలేకపోతిమి. గుండు బదులు, సూది తగిలించిన పిచికారి గుండా చమురును కారనిచ్చి కాలము కొలవవచ్చుననియు, రెండు సీసాలను ఒకే నీటితొట్టిలో నుంచి వేడి సమము చేయవలెననియు పదవ తరగతి బాలిక యొకతె సూచించినది. వచ్చే శనివారము అది చేయవలెను.