కార్డు మీద లేని పేరు

మా నానీ ఇంట్లో ఒక ఫొటో ఉండేది. తుర్కీ టోపీ పెట్టుకుని నానా నిలబడి ఉంటాడు. వెనక సముద్రం, ఒక కొబ్బరిచెట్టు. ఆ సముద్రం నిజం కాదు, స్టూడియోవాడు గుడ్డమీద రంగులతో వేయించుకున్నది. విశాఖపట్నం పాతవూళ్లో అలల చప్పుడు వినపడే ఇంట్లో పుట్టి, రేవులో ఖలాసీగా బతికిన మనిషికి అసలు సముద్రం పక్కన దిగిన ఫొటో ఒక్కటీ లేదు.

పాత పోస్టుకార్డులు ఎక్కడ కనపడ్డా కొనే అలవాటు నాకు ఆ ఫొటోతోనే పట్టుకుంది. మా నానా కనపడతాడని కాదు. ఆయన నిలబడ్డ నేల కనపడుతుందేమోనని.

మనదేశంలో పావు అణా పోస్టుకార్డు 1879లో వచ్చింది. బొమ్మల కార్డుల మోజు 1900 తర్వాత పెరిగింది. అప్పటికి తూర్పుతీరం రైలు పడింది. పాతవూరికి ఉత్తరాన మెరకమీద ఉన్న వాల్తేరు దొరల బంగళాలతో, క్లబ్బుతో గాలిమార్పు ఊరైంది. కలకత్తా నుంచి బెంగాలీ కుటుంబాలు కూడా ఆరోగ్యం కోసం వచ్చేవి. వచ్చినవాళ్లు ఊరు చూశామని ఇంటికి రాయాలి కదా! అందుకు ఈ కార్డులు.

నా దగ్గరున్న కార్డుల్లో ఖాళీ ఇసుక, రాళ్లు, మలుపు తిరిగే రోడ్డు, వరండాల బంగళాలు ఉన్నాయి. మనుషులుంటే చిన్నగా, దూరంగా ఉంటారు. బంగళా మెట్ల కింద తలపాగాతో ఒకడు. అతను ఖాన్సామానో, బంట్రోతో. అతని పేరెవరికి కావాలి? బంగళాకి పేరుంది, రోడ్డుకి పేరుంది, అతనికి మాత్రం లేదు.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేది రేవు ముఖద్వారం కార్డు. ఒకవైపు యారాడ కొండ. కార్డుమీద అది 'డాల్ఫిన్స్ నోస్'. యారాడ ఊరివాళ్లని అడిగి పెట్టిన పేరు కాదది. ఎదుటి ఒడ్డున మూడు చిన్నకొండలు. వాటిలో ఒకటి 'రాస్ హిల్'. 1864లో రాస్ అనే ఆయన దానిమీద ఇల్లు కట్టుకున్నాడట. తర్వాత అది మేరీమాత గుడి అయింది. ఒక ఇల్లు కట్టుకుంటే కొండంతా ఆయన పేరైపోయింది. దాని పక్కన, నడిమి కొండమీద, భూతద్దం పెట్టి చూస్తే తెల్లగా కనపడేది హజ్రత్ ఇస్‌హాక్ మదనీ దర్గా. బొమ్మలో ఉంది. బొమ్మ కింది అక్షరాల్లో లేదు.

ఆ దర్గా సామాన్యమైనది కాదు. బంగాళాఖాతం మీద గాలీ అలా ఆ బాబా మాట వింటాయని సముద్రంమీద బతికేవాళ్ల నమ్మకం. రేవులోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఓడలు జెండాని మూడుసార్లు దించి ఎగరేసి సలాం చేసేవని బ్రిటిషువాళ్ల రాతల్లోనే ఉంది. ఓడ క్షేమంగా తిరిగొస్తే హిందూ షాహుకార్లు దర్గాకి వెండి ధ్వజస్తంభం మొక్కు చెల్లించేవారు. ధ్వజస్తంభం అన్నది గుడి మాట. దర్గాకిచ్చిన మొక్కుకి ఆ మాటే వాడుకున్నారు. ఎవరికీ అడ్డం కాలేదు.

రేవు మాటలు చూడండి. ఖలాసీ, సరంగు అరబ్బీ ఫార్సీల నుంచి వచ్చాయి. మచిలీపట్నాన్ని మనం పిలుచుకునే 'బందరు' ఫార్సీ మాటే, రేవు అని అర్థం. ఇవి ఏ పండితుడూ తెచ్చిపెట్టినవి కావు. తాడు లాగినవాళ్ల నోటినుంచి తెలుగులో కలిశాయి.

సముద్రం దొరలకి చూపు, మాకు పని. ఒక్కోసారి తిరుగుబాటు కూడా. 1780 అక్టోబరు 3న ఇదే విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలు ఓడెక్కి మద్రాసు వెళ్లి హైదరాలీమీద యుద్ధం చెయ్యమంటే మేం ఎక్కం అన్నారు. ఇంగ్లీషు అధికారులను చంపారు. ఆ సంగతి చెప్పే బొమ్మ కార్డు ఎవరు వేస్తారు?

లోపలి రేవు తయారయ్యే దాకా పెద్ద ఓడలు దూరంగా నిలబడితే మసూలా పడవలే సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చేవి. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ లోపలికి వచ్చింది. రేవు పనులనాటి ఫొటోలు కొన్ని చూశాను. కుర్చీల్లో ఇంజనీర్లు. వెనక వరసలో నిలబడ్డ కూలీలు. ఏ మొహం ఎవరిదో రాసిపెట్టినవాళ్లు లేరు. ఆ వరసలో జాలరి ఉండొచ్చు, మాల ఉండొచ్చు, మా నానా ఉండొచ్చు. పేరు లేకపోవడంలో మేమంతా ఒకటే.

దొరలు వెళ్లిపోయారు. కార్డుల స్థానంలో పర్యాటకం పోస్టర్లు వచ్చాయి. ఇప్పుడు దర్గాకి కింద అక్షరాలున్నాయి. చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి మూడు కొండలమీదా పక్కపక్కనే ఉన్నాయి గనుక 'మత సామరస్యం' అని. మంచిదే. కాదనను. కానీ సామరస్యం బొమ్మకి తప్ప మేం పనికిరామా? ఆ పోస్టరు వేలాడే ఊళ్లోనే అద్దెకి ఇల్లడిగితే పేరు విని "మీరసలు ఎక్కణ్ణుంచొచ్చారు?" అన్నారు ఒకాయన. రేవు నుంచి, అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

మావాళ్లలో కొందరు ఇంకో దారి పడతారు. ఇస్‌హాక్ పేరుమీదే ఈ ఊరు 'ఇసాకపట్నం' అయిందంటారు. నాకా వాదం అక్కర్లేదు. సముద్రంలో కలిసిపోయిందనే వైశాఖేశ్వరుడి గుడి కథ ఉన్నవాళ్లకి ఉండనీ. ఊరి పేరు మాది అయితేనే ఊరు మాదవుతుందా? పేరు గుంజుకోవడం రాస్ దొర పద్ధతి. మా నానా చేతుల కాయలు చాలు నాకు, ఈ ఊరు మాది అనడానికి.

అందుకే అడుగుతున్నాను. మన ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్న ఫొటోలు తీయండి. వెనక పేరు రాయండి, చేసిన పని రాయండి, వీధి రాయండి. ఉర్దూలో రాయండి, తెలుగులోనూ రాయండి. దొరల కార్డుల్లో మన పేరు లేదని ఏడవడం ఒక తరానికి సరిపోయింది. మన ఫొటోల వెనక మనమే రాసుకోకపోతే రేపు మన పిల్లలకి మిగిలేది ఆ గుడ్డమీది సముద్రమే.