బాప్తిస్మాల లెక్క, ప్రభు బల్ల: యలమంచిలి ప్రాంత బాప్టిస్టు సంఘాల్లో ప్రభురాత్రి భోజనం అర్థం

తెలుగు క్రైస్తవ చరిత్ర చదివినవారికి ఒక అంకె కంఠతా వచ్చు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలోకి దిగిన సంగతి కూడా మన గ్రంథాలు వదలకుండా చెబుతాయి. ఆ బాప్తిస్మం పొందినవాళ్లు తరువాత ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుని ప్రభు భోజనంలో పాలుపొందారు? ఈ ప్రశ్న ఆ గ్రంథాల్లో నాకు ఎక్కడా ఎదురుకాలేదు. ఒక జీవితంలో ఒక్కసారి జరిగేదాన్ని తల తలకూ లెక్కపెట్టి, నెలనెలా జరిగేదాన్ని గాలికి వదిలేశారు. ఉత్తరాంధ్రలో యలమంచిలి, రాంబిల్లి, అచ్యుతాపురం వైపు పల్లెల్లో తిరుగుతున్నకొద్దీ ఈ లోపం చిన్నది కాదని నాకు గట్టిపడింది. ఇక్కడి విశ్వాసులు సంఘంలో తమ స్థానం గురించి మాట్లాడేటప్పుడు బాప్తిస్మపు తేదీ చెప్పరు. బల్లలో, అంటే ప్రభు భోజనంలో, చెయ్యి వేస్తున్నారా, మానేశారా అన్నదే చెబుతారు.

ఈ లెక్కల ధోరణికి శాస్త్రీయ గౌరవం తెచ్చిపెట్టింది జె. వాస్కమ్ పికెట్. 1933లో వచ్చిన ఆయన ‘క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా’ నేటికీ సామూహిక మతాంతరణ మీద రాసే ప్రతి వ్యాసానికీ మూలస్తంభమే. ఆయన సర్వే చేసిన ప్రాంతాల్లో గుంటూరు, వికారాబాదు ఉన్నాయి కనుక తెలుగువారికి ఆ గ్రంథంతో సంబంధం మరింత దగ్గరిది. పికెట్ చేసిన మేలును నేను కాదనను. ఏ ఉద్దేశంతో వచ్చారన్నదానికంటే వచ్చాక సంఘం ఎలా చూసుకుందన్నదే ముఖ్యమని ఆయన తేల్చాడు. మాల మాదిగల విశ్వాసాన్ని ‘బియ్యం కోసం వచ్చినవాళ్ల’ విశ్వాసమని ఈసడించిన వాళ్లకు అది దీటైన జవాబు. అయితే ఆ చూసుకోవడాన్ని ఆయన దేనితో కొలిచాడు? పరలోక ప్రార్థన వచ్చా, పది ఆజ్ఞలు వచ్చా, ఆదివారం గుడికి వస్తున్నారా, చందా ఇస్తున్నారా, తాయెత్తులు తీసేశారా, జాతరలకు వెళ్లడం మానేశారా, కల్లు మానేశారా? ఇవన్నీ ఒక్కో ఇంటికి వేసే మార్కులు. మనిషికీ మనిషికీ మధ్య ఏం తెగింది, ఏం అతికింది అన్నది ఈ కొలబద్దకు అందదు. పరీక్షాధికారి చూపుతో సంఘాన్ని చూస్తే విద్యార్థులే కనిపిస్తారు. పికెట్ తరువాతివాళ్లు ఆయన జాగ్రత్తను వదిలేసి పట్టికలనే పుచ్చుకున్నారు. ఈ వ్యాసం తగవు ప్రధానంగా ఆ పట్టికలతోనే.

ఈ ప్రాంతపు నేపథ్యం క్లుప్తంగా. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డి గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. వారు ఆనందరాయర్ సాయంతో చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. బాప్టిస్టు సేవ ఇటు వచ్చింది కాకినాడ నుంచి. తంతి శాఖ ఉద్యోగం వదులుకుని అక్కడ సంఘం కట్టినవాడు థామస్ గాబ్రియేలు. ఆయన పిలుపు మీదే 1874లో కెనడియన్ బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్ కాకినాడ చేరాడు. విదేశీ బోర్డుల చరిత్రలు మెక్‌లారిన్‌తో మొదలవుతాయి. గాబ్రియేలు అప్పటికే తెలుగువాళ్లను కూడగట్టి పెట్టాడని గుర్తుంచుకోవాలి. ఆ కెనడియన్ బాప్టిస్టు మిషన్ తుని మీదుగా యలమంచిలికి, నర్సీపట్నానికి విస్తరించింది. ఈ సంఘాలకు బిషప్ లేడు, అచ్చు ఆరాధనక్రమం లేదు. బల్ల ఎవరికి, ఎప్పుడు అన్నది స్థానిక సంఘమే, అంటే కాపరీ పెద్దలే నిర్ణయిస్తారు. నా వాదనకు ఈ సంగతి ఆయువుపట్టు.

ఈ సంఘాల్లో నెల మొదటి ఆదివారం బల్ల. తెల్లటి బట్ట కప్పిన పళ్లెం, ఎండుద్రాక్ష మరిగించి తీసిన రసం, కొంగు తలమీదికి లాక్కున్న స్త్రీలు, పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచే పెద్దలు, ఇదంతా అందరికీ తెలిసిన దృశ్యమే. బాప్టిస్టుల భోజనం ‘కేవలం జ్ఞాపకార్థం’ అనీ, జ్వింగ్లీ మార్గం అనీ, అందులో లూథరన్లకో కథోలికులకో ఉన్న గాఢత లేదనీ వేదాంత కళాశాలల్లో నేర్పే పాఠం ఈ దృశ్యం దగ్గరే ఆగిపోతుంది. రొట్టెలో ఏముందని ఆ పాఠం అడుగుతుంది. యలమంచిలి వైపు పల్లెలు ఆ ప్రశ్న అడగవు.

వాళ్లకు బల్ల ఆదివారం మొదలవదు. అంతకుముందు వారంలోనే మొదలవుతుంది. పొలం గట్టు దగ్గర తగాదా పడ్డ అన్నదమ్ములు, డ్వాక్రా అప్పు దగ్గర మాటామాటా అనుకున్న ఇరుగుపొరుగు, నెలల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్న అత్తాకోడళ్లు ఆ వారంలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. రాంబిల్లి వైపు ఒక పెద్దామె నాతో ఇలా అంది: “గొడవెట్టుకున్నోళ్లింటికి ముందెల్లి మాటాడొచ్చీయాల బాబూ. అప్పుడే బల్లలో సెయ్యెయ్యాల. లేకపోతే ఊరుకోవాల.” ఊరుకోవడం తేలిక కాదు. పళ్లెం ముందుకొచ్చినప్పుడు చెయ్యి చాచకపోతే సంఘమంతా చూస్తుంది. ఫలానా ఆవిడ ఈ నెల తీసుకోలేదని మధ్యాహ్నానికి పేట అంతా తెలుస్తుంది. సాయంత్రానికి ఇద్దరు పెద్దలు ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటారు. తీసుకోవడం ఎంత బహిరంగమో తీసుకోకపోవడమూ అంతే బహిరంగం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయాన్ని మన ప్రసంగీకులు ఎక్కువగా వ్యక్తిగత పాపభీతిగా చదివి వినిపిస్తారు. అయోగ్యంగా తింటే రోగం వస్తుందన్న భయం దాకా తీసుకెళ్తారు. ఆ అధ్యాయంలో పౌలు కోపం అసలు దేనిమీద? ఒకడు ముందే తిని మత్తెక్కి ఉండగా, పక్కన పేదవాడు ఆకలితో కూర్చోవడం మీద. ఆ పెద్దామె చదువుకోలేదు. ఆ అధ్యాయాన్ని అనేక వ్యాఖ్యానాలకంటే సరిగ్గా అర్థం చేసుకున్నది ఆమేనని నేను నమ్ముతున్నాను.

క్రమశిక్షణ కూడా ఇక్కడే ఉంది. రెండో పెళ్లి, తాగుడు, సంఘం డబ్బు దగ్గర తేడా వచ్చినప్పుడు వేసే శిక్షకు ఈ ఊళ్లలో ‘బల్ల ఆపారు’ అంటారు. గుడికి రానిస్తారు, పాట పాడనిస్తారు, చందా పుచ్చుకుంటారు. బల్ల ఒక్కటే ఆపుతారు. అంతకంటే పెద్ద శిక్ష లేదు. తిరిగి చేర్చుకునే ఆదివారం ఆ మనిషి ఇంట్లో పండగే. తీర్పు చెప్పే ఊరి రచ్చబండ మీద ఈ పేటలవాళ్లకు తరతరాలుగా చోటు లేదు. కోర్టు ఖర్చు వాళ్లు మోయలేరు. తమ తగవులు తామే తీర్చుకునే వేదిక వాళ్లకు ఈ బల్ల దగ్గర దొరికింది. ఒక శతాబ్దానికి పైగా ఉత్తరాంధ్ర దళిత పల్లెల్లో స్వపరిపాలన అంటూ ఒకటి ఉంటే, అది పంచాయతీరాజ్ చట్టాలకంటే ముందు ప్రభు బల్ల దగ్గరే నడిచింది.

ఇక పంక్తి మాట. తెలుగువాడికి కలిసి తినడమంటే మొదట తలపుకొచ్చేది పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ జరుగుతుంది, గొప్ప సంగతి. కాని అది నాయకుడు పరిచిన చాప, ఏటా ఒక్కసారి. బల్ల అలా కాదు. అది తినేవాళ్ల సొంతం, నెలనెలా పరీక్ష పెడుతుంది. ఇలా కలిసి తినడం వెనక ఎంత పోరు ఉందో తమిళనాడు వైపు చూస్తే తెలుస్తుంది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదాలు వదిలేయాలని ఆదేశిస్తే తంజావూరు అట్టుడికింది. కవి వేదనాయగం శాస్త్రి అంతటివాడు వెల్లాల క్రైస్తవుల పక్షాన నిలబడ్డాడు. తగవు వేరు వరసలు, గిన్నె ముందు ఎవరికి అందాలి అన్నవాటి దగ్గరే ముదిరింది. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం కులం వదిలినవాడు దళితులు వండినది తిని రుజువు చేసుకోవాలంది. ఒక్క గిన్నెకు పెదవి ఆనించడం అంటే ఈ దేశంలో వేదాంతం కాదు, ఎంగిలి. అంటుకు కేంద్రం ఎంగిలే. యలమంచిలి సంఘాల్లో ఎక్కువమంది ఒకే పేటవాళ్లు కాబట్టి అక్కడ తెగే కులమేమిటన్న అభ్యంతరం ఒకటుంది. మాల మాదిగ రెల్లి కుటుంబాలు ఒకే పళ్లెం నుంచి తీసుకునే సంఘాలను చూశాక ఆ అభ్యంతరం నిలవదు.

ఆ గిన్నె మాత్రం ఇప్పుడు లేదు. 1890లలో అమెరికాలో సూక్ష్మజీవుల భయంతో విడివిడి చిన్న కప్పులు పుట్టాయి. ఆ తరువాత అవి మన సంఘాలకూ వచ్చాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఫోను ముందు ఎవరింట్లో వాళ్లు బిస్కట్టో రొట్టెముక్కో పెట్టుకుని బల్ల తీసుకున్నారు. ఆరోగ్యం దృష్ట్యా దీన్ని తప్పుపట్టలేం. కాని ఎవరి కప్పు వాళ్లదైతే తంజావూరులో అంత రగడ జరిగిన తెగింపే అనవసరమైపోతుంది. ఈ మార్పును మన వేదాంత పత్రికలు పరిశుభ్రత సంగతిగా వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

చివరగా, వెనక బెంచీలు. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు సడలించలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సిలో, ఒక్క శాతంలో ఉంచారు. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు కూడా బాప్తిస్మాన్నీ చర్చికి వెళ్లడాన్నీ క్రైస్తవ విశ్వాసానికి సాక్ష్యంగా తీసుకుంది. కనుక సంఘాల్లో ఎంతోమంది ఏళ్ల తరబడి వస్తారు, ప్రార్థిస్తారు, దశమభాగం ఇస్తారు, నీటిలోకి మాత్రం దిగరు. దిగనివాళ్లకు బల్ల లేదు. మొదటి ఆదివారం వాళ్లు వెనక్కి జరిగి కూర్చుంటారు. మిషనరీ లెక్కించింది బాప్తిస్మాన్నే, పికెట్ కట్టుకున్నది ఆ లెక్క మీదే, న్యాయస్థానం చూసేదీ దాన్నే. ముగ్గురి కొలతా మొదలయ్యేది బాప్తిస్మం దగ్గరే కావడం వల్ల బల్లకు దూరంగా కూర్చున్న ఈ మనుషుల విశ్వాసం ఎవరి దస్త్రంలోనూ లేదు. కాపరులకు వాళ్లు ఒక్కొక్కరూ పేరుపేరునా తెలుసు. కొందరు కాపరులు బల్ల ముగిశాక వాళ్ల దగ్గరికే మొదట వెళ్లి చెయ్యి కలపడం నేను చూశాను. ఆ వెనక వరసలను వదిలేసి తెలుగు సంఘం ఇంత అని చెప్పే అంచనా, అది ఎంత పెద్ద గ్రంథంలో ఉన్నా, నాకు సమ్మతం కాదు.