లిమిటెడ్ అకౌంట్ నడిచిన దారి

ఆఫీసు కంప్యూటర్లో చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయినా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. యాజమాన్యం తమను నమ్మడం లేదని ఉద్యోగులు నొచ్చుకోవడం సహజమే. కానీ ఆ హద్దు ముఖ్యంగా మనం నడిపే ప్రోగ్రాముల కోసమని దాని చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

మొదట ఆ గోడ మనిషికీ మనిషికీ మధ్యే లేచింది. 1960ల తొలినాళ్లలో ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ మీద ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునేవారు. ఒకరి ఫైళ్లు మరొకరు చెరపకుండా ఎవరి పాస్‌వర్డ్ వారికి ఉండేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్‌లో సర్వాధికారాలూ ‘రూట్’ అనే అకౌంట్‌కు దక్కాయి. అక్కడే ఒక చిక్కు వచ్చింది. మామూలు యూజర్ తన పాస్‌వర్డ్ తాను మార్చుకోవాలి, పాస్‌వర్డ్లున్న ఫైలు మాత్రం రూట్‌ది. డెనిస్ రిచీ దీనికి ‘సెట్‌యుఐడీ’ అనే ఉపాయం కనిపెట్టాడు. ఆ గుర్తున్న ప్రోగ్రామ్‌ను ఎవరు నడిపినా, అది తన యజమాని అధికారంతోనే నడుస్తుంది. యూజర్‌కు రూట్ అధికారం ఇవ్వక్కర్లేదు, పాస్‌వర్డ్ మార్చే ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు ఉంటే చాలు. 1979లో దీనికి పేటెంట్ కూడా వచ్చింది. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి యూజరూ పనికి కావలసినంత అధికారంతోనే మెలగాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975 నాటికే తమ పరిశోధనా పత్రంలో స్పష్టంగా రాసిపెట్టారు.

పర్సనల్ కంప్యూటర్ ఈ పాఠాన్ని పక్కన పెట్టేసింది. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్‌కు యూజర్ అంటేనే తెలియదు. విండోస్ 95లో పాస్‌వర్డ్ అడిగే పెట్టె వస్తే ఎస్కేప్ నొక్కి లోపలికి వెళ్లిపోవచ్చు. ఆ రోజుల్లో ప్రోగ్రామర్లకు ఒక అలవాటు పడింది: సెట్టింగుల ఫైలును ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్లోనే రాసేయడం. డేవ్ కట్లర్ బృందం తయారుచేసిన విండోస్ ఎన్‌టీ 1993లోనే ఏ ఫైలును ఎవరు చదవొచ్చో, ఎవరు రాయొచ్చో పట్టిక పెట్టింది. అయినా ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో 95, 98 రాజ్యమే సాగింది.

2001లో ఎక్స్‌పీ ఆ ఎన్‌టీ పునాదిని అందరికీ తెచ్చింది. ‘లిమిటెడ్’ అకౌంట్ అందులో ఉంది, కానీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించే అకౌంట్లన్నీ అడ్మిన్‌లే. గుమస్తాను లిమిటెడ్‌లోకి మారిస్తే ఏం జరిగేదో చూడండి. లెక్కల ప్రోగ్రామ్ తెరవగానే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో తన సెట్టింగులు రాయబోతుంది. విండోస్ ఒప్పుకోదు. తెర మీద అర్థంకాని ఎర్రర్ నంబరొకటి పడుతుంది. ఓపికున్న టెక్నీషియన్ అయితే, మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ రాసిన ఫైల్‌మాన్, రెగ్‌మాన్ అనే నిఘా ప్రోగ్రాములు పెట్టి, వేల వరుసల్లోంచి ‘యాక్సెస్ డినైడ్’ అన్న వరుసను పట్టుకుని, ఆ ఒక్క ఫోల్డర్‌కే రాసే అనుమతి ఇచ్చేవాడు. తీరిక లేనివాడు గుమస్తానే అడ్మిన్ గ్రూపులో చేర్చేవాడు. ఆ తర్వాత ఆ గుమస్తా తెరిచిన ప్రతి మెయిల్ అటాచ్‌మెంట్‌కూ అడ్మిన్ అధికారమే. ఇందులో టెక్నీషియన్‌ను తప్పుపట్టడం అన్యాయం. లిమిటెడ్ అకౌంట్లో ఒక్కసారైనా నడిపి చూడకుండా సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లదే ఆ తప్పు.

జనం విసుక్కున్న విస్టాయే ఆ అలవాటును మాన్పింది. 2007లో ఇళ్లకు చేరిన ఆ విండోస్‌లో అడ్మిన్ కూడా మామూలు అధికారాలతోనే పనిచేస్తాడు, అవసరమైనప్పుడే అనుమతి అడుగుతుంది. పాత ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, వాటికి తెలియకుండానే ఆ రాతను యూజర్ సొంత ఫోల్డర్లోకి మళ్లిస్తుంది. దాంతో ఒకే కంప్యూటర్ మీద ఇద్దరికి వేర్వేరు సెట్టింగులు కనిపించిన వింతలూ ఉన్నాయి. మాటిమాటికీ వచ్చే ఆ ప్రశ్నలకు కస్టమర్లు విసిగిపోబట్టే కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను దిద్దుకున్నాయని నా నమ్మకం.

తెలుగు టైపు చేసేవాళ్లకు మరో ఇబ్బంది ఉండేది. ఫాంట్లన్నీ విండోస్ ఫోల్డర్లోకే వెళ్లేవి కనుక, వచ్చిన ఫైలు కొత్త తెలుగు ఫాంట్‌లో ఉంటే దాన్ని ఎక్కించడానికి అడ్మిన్ రావాల్సిందే. యూజర్ తన వరకు ఫాంట్ వేసుకునే వీలు విండోస్ 10కు 2018 చివర్లో గానీ రాలేదు.

ఈలోగా అడ్మిన్‌తో పనిలేని దారి ఇంకొకటి తెరుచుకుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పోర్టబుల్ ఫైర్‌ఫాక్స్ 2004లో వచ్చింది. 2008లో వచ్చిన క్రోమ్ యూజర్ సొంత ఫోల్డర్లోనే ఇన్‌స్టాల్ అయ్యేది. అదే దారి దొంగ సాఫ్ట్‌వేర్‌కూ పనికొచ్చింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే 2013 నాటి క్రిప్టోలాకర్‌కు అడ్మిన్ అధికారం అక్కర్లేకపోయింది. ఉద్యోగి రాసుకున్న ఉత్తరాలూ పట్టికలూ ఉద్యోగి అధికారంతోనే తాళం పడ్డాయి, ఆఫీసంతా పంచుకునే డ్రైవ్‌తో సహా. లిమిటెడ్ అకౌంట్ విండోస్‌ను కాపాడింది, మనిషి కష్టాన్ని కాపాడలేకపోయింది. అందుకే విండోస్ 7తో వచ్చిన యాప్‌లాకర్ లాంటి పనిముట్లతో ఆఫీసులు మరో నియమం పెట్టుకోసాగాయి: యూజర్ రాయగలిగే ఫోల్డర్లోంచి ఏ ప్రోగ్రామూ నడవకూడదు, ప్రోగ్రాములు నడిచే ఫోల్డర్లో యూజర్ రాయకూడదు.

ఫోన్లు ఇంకో అడుగు వేశాయి. 2008లో వచ్చిన ఆండ్రాయిడ్ కింద ఉన్నది యూనిక్స్ వారసత్వపు లినక్సే. అందులో ఎక్కించే ఒక్కో యాప్‌కూ విడిగా ఒక యూజర్ నంబరు ఇస్తారు, అవి 10000 నుంచి మొదలవుతాయి. బ్యాంకు యాప్ ఒక యూజర్, ఆటల యాప్ మరో యూజర్, ఒకరి సొంత ఫైళ్లు మరొకరు ముట్టుకోలేరు.