చరిత్ర కాలపట్టికను చదివే పద్ధతి

ముస్లిముల చరిత్రపై వెలువడిన గ్రంథాల చివర సాధారణంగా ఒక కాలపట్టిక ఉంటుంది. ఒక వైపు హిజ్రీ సంవత్సరం, మరొక వైపు క్రీస్తు శకం ముద్రిస్తారు. గ్రంథాన్ని శ్రద్ధగా చదివిన పాఠకుడు సైతం ఈ పట్టికను ఎక్కాల పుస్తకంలా చూస్తాడు. ఎడమ అంకెకు కుడి అంకె సమానమని నమ్మి ముందుకు సాగుతాడు. కాని ప్రతి అంకె వెనుక ఒక లెక్క, ఒక ఒప్పందం, ఒక్కోసారి ఒక ఊహ కూడా ఉంటాయి. అవి తెలిసినవారికే పట్టిక పూర్తిగా ఉపయోగపడుతుంది.

మొదట శకారంభాన్నే తీసుకుందాం. దైవప్రవక్త (స) మక్కా నుండి మదీనాకు వలస వెళ్ళింది క్రీ.శ. 622 సెప్టెంబరులో. ఆ సంఘటనను శకారంభంగా నిర్ణయించింది మాత్రం సుమారు 16 సంవత్సరాల తరువాత, ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) కాలంలో. నెలల వరుసను మార్చకుండా ఆ ఏటి ముహర్రం నెల మొదటి తేదీ నుండి లెక్క ప్రారంభించారు. అందుకే పట్టికలో హిజ్రీ 1వ సంవత్సరం 622 జూలై 16న మొదలవుతుంది. హిజ్రత్ జరిగింది మూడవ నెల రబీవుల్ అవ్వల్‌లో. ఈ రెండు తేదీల మధ్య వైరుధ్యం లేదు.

తొలి పదేళ్ళ తేదీల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. అరబ్బులలో ‘నసీ’ అనే ఆచారం ఉండేది. పవిత్ర మాసాలను వెనక్కి నెట్టడమే నసీ అని కొందరు, అధిక మాసాన్ని చేర్చడమని మరికొందరు వివరించారు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో దీనిని ఖండించింది. పట్టికలు మాత్రం తరువాతి కాలపు చాంద్రమానాన్నే వెనక్కి పొడిగించి లెక్కిస్తాయి. కనుక బద్ర్ యుద్ధం వంటి తొలి సంఘటనలకు పట్టిక చూపే క్రీస్తు శకపు రోజును తిరుగులేనిదిగా భావించరాదు.

హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులు. సుమారు 33 చాంద్ర సంవత్సరాలు 32 సౌర సంవత్సరాలతో సరిసమానం. హిజ్రీ సంవత్సరాన్ని 32తో హెచ్చించి, 33తో భాగించి, 622 కలిపితే క్రీస్తు శకం ఉజ్జాయింపుగా వస్తుంది. దైవప్రవక్త (స) ఆయుర్దాయం 63 సంవత్సరాలని చదివి, 632 నుండి 570ని తీసివేసి, చరిత్రకారులు పొరబడ్డారనుకునేవారు ఈ సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. 63 చాంద్ర సంవత్సరాలు సుమారు 61 సౌర సంవత్సరాలే.

మన హైదరాబాదు విషయం చూడండి. చార్మినార్‌కు ‘యా హాఫిజ్’ అనే మాట తారీఖుగా ప్రసిద్ధం. అబ్జద్ లెక్క ప్రకారం ఆ అక్షరాల విలువలను కూడితే 1000 వస్తుంది. నేటి గ్రెగోరియన్ లెక్కలో హిజ్రీ 1000వ సంవత్సరం 1591 అక్టోబరు 19న మొదలై 1592 అక్టోబరు 7న ముగిసింది. అంటే ఆ సంవత్సరంలో అధిక భాగం 1592లోనే ఉన్నది. నెల తెలియనప్పుడు ‘1591–92’ అని వ్రాయడమే న్యాయం. 1591 అని మాత్రమే వ్రాస్తే మూలంలో లేని నిశ్చయాన్ని మనం చేర్చినట్లవుతుంది.

క్రీస్తు శకపు తేదీ కూడా రెండు విధాలని చాలామంది గమనించరు. ఇంగ్లండు 1752 వరకు పాత జూలియన్ లెక్కనే పాటించింది. గోలకొండ కోట ఔరంగజేబు వశమైంది హిజ్రీ 1098 జుల్‌ఖాదా 24న. పాత లెక్కలో అది 1687 సెప్టెంబరు 21; కొత్త లెక్కలో అక్టోబరు 1. ఒక గ్రంథంలో ఒకటి, మరొక గ్రంథంలో ఇంకొకటి చూసి కోట రెండు సార్లు పడిందని ఎవరూ అనుకోరు. కాని రెండు పద్ధతుల తేదీలను కలిపి ఒక ముట్టడి వృత్తాంతం వ్రాస్తే ముందు జరిగినది వెనుకకు, వెనుక జరిగినది ముందుకు పోతుంది. అప్పుడు కారణం ఫలితంగాను, ఫలితం కారణంగాను కనిపిస్తాయి.

పట్టిక గణితంపై నడుస్తుంది. నెలవంక ఆకాశంలో కనబడుతుంది. కనుక ఒక రోజు తేడా సహజం. ఔరంగజేబు హిజ్రీ 1118 జుల్‌ఖాదా 28న మరణించాడు. పట్టిక ప్రకారం అది కొత్త లెక్కలో 1707 మార్చి 3, అంటే గురువారం. పారశీక చరిత్రలు శుక్రవారం ఉదయమని చెబుతున్నాయి. చక్రవర్తి మరణించిన వారాన్ని మరచిపోవడం కంటే, ఆ నెల చంద్రదర్శనం ఒక రోజు ఆలస్యమై ఉండటమే సంభవం. ఇటువంటి చోట వారాన్ని పట్టుకొని తేదీని సరిదిద్దాలి. అంతేగాని పట్టికను పట్టుకొని మూలగ్రంథాన్ని దిద్దరాదు. హిజ్రీ దినం సూర్యాస్తమయంతో మొదలవుతుందన్నది కూడా మరువరాదు. ‘జుమా రాత్రి’ అంటే మనం గురువారం రాత్రి అనేదే.

మన ప్రాంతపు దస్తావేజులలో ఫసలీ కూడా కనబడుతుంది. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన క్రీస్తు శకం వస్తుంది. అయితే మద్రాసు ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది. నిజాం రాజ్యంలో ఆజూర్ మాసంతో, అక్టోబరులో మొదలయ్యేది. కనుక 1948 సెప్టెంబరు 17 హైదరాబాదు దస్తావేజులో 1357 ఫసలీ, సరిహద్దు దాటితే 1358. పొలం హక్కు గడువుతో ముడిపడిన చోట ఈ ఒక్క అంకె ఎంత చిక్కు తెస్తుందో చెప్పనక్కరలేదు.

కాబట్టి అనువాదకులకు, పరిశోధకులకు మనవి: మూలంలోని హిజ్రీ తేదీని తొలగించవద్దు, దాని పక్కనే క్రీస్తు శకాన్ని చేర్చండి. ఏ లెక్క అనుసరించారో పీఠికలో ఒక మాట చెప్పండి. వారం దొరికితే తప్పక పోల్చి చూడండి. మూలంలో సంవత్సరం మాత్రమే ఉంటే రెండు క్రీస్తు సంవత్సరాలూ వ్రాయండి. సాక్షి చెప్పినంతే చెప్పడం హదీసు విద్వాంసులు మనకు నేర్పిన క్రమశిక్షణ. తేదీ కూడా ఒక సాక్ష్యమే. దానికీ ఆ నియమమే వర్తిస్తుంది.